మూడు కూతలా, నాలుగు కూతలా? ఇంట్లో స్మార్ట్ సీఓ డిటెక్టర్ పెట్టుకునే పద్ధతి

పోపు వేసిన ప్రతిసారీ మోగుతోందని సీలింగ్ మీది అలారానికి షవర్ క్యాప్ తొడిగినవాళ్లలో నేనూ ఒకణ్ణి. న్యూజెర్సీలో మా మొదటి అపార్ట్‌మెంట్‌లో వంటగదికీ హాలుకీ మధ్య గోడే లేదు. ఎండుమిరపకాయ నూనెలో పడితే చాలు, పైనున్న గుండ్రటి డబ్బా గోల మొదలుపెట్టేది. ఒకరు టవల్ ఊపడం, ఒకరు కుర్చీ ఎక్కడం. విసుగొచ్చి ప్లాస్టిక్ టోపీ పెట్టేశాం. నాలుగు నెలలు అలాగే ఉంది. అది పొగనే కాదు, కార్బన్ మోనాక్సైడ్‌ని కూడా పసిగట్టే రకమని దాని అంచు మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఇల్లు ఖాళీ చేసే రోజు టోపీ తీస్తుంటే కనిపించింది.

తర్వాత సొంత టౌన్‌హోమ్ కొన్నాం. బేస్‌మెంట్‌లో గ్యాస్ ఫర్నేస్, గ్యాస్ వాటర్ హీటర్. ఇంటికి ఆనుకునే గరాజ్. ఈసారి బుద్ధి తెచ్చుకుని యాప్‌తో పనిచేసే స్మార్ట్ డిటెక్టర్లే పెట్టించాను. ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం అది మోగింది. ఇంట్లో అమ్మా నాన్నా ఉన్నారు. నాన్న పడుకున్నారు. నేను ఆఫీసులో మీటింగ్‌లో, ఫోను సైలెంట్‌లో. అమ్మ పొయ్యి కట్టేసి, కిటికీ తీసి, టవల్ ఊపుతూ కూర్చుంది. ఇరవై నిమిషాల తర్వాత నేనే ఫోన్ చేస్తే, "ఒరేయ్, నేను పోపు కూడా పెట్టలేదురా, ఇది ఊరికే అరుస్తోంది. తల పగిలిపోతోంది దీని గోలకి" అంది.

తల పగిలిపోతోంది గోలకి కాదు. వాటర్ హీటర్ పొగగొట్టం జాయింట్ ఊడి, బయటికి పోవాల్సిన పొగ బేస్‌మెంట్‌లోకి వస్తోంది. ఫైర్ వాళ్లు వచ్చి చూస్తే, బేస్‌మెంట్‌లో వాళ్ల మీటర్ మూడంకెల సంఖ్య చూపించింది. డబ్బా తన పని తాను చేసింది, యాప్ కూడా కబురు పంపింది. ఆ కూతకి అర్థమేంటో ఇంట్లో ఉన్న మనిషికి నేను చెప్పలేదు, అంతే. అందుకే కొనడం, బిగించడం గురించి ఎంత చెప్తానో, ఇంట్లో వాళ్లకి నేర్పడం గురించి అంతకంటే ఎక్కువ చెప్తాను.

ముందు ఆ వాయువు సంగతి

కార్బన్ మోనాక్సైడ్‌ని ఇక్కడ అందరూ సీఓ అంటారు. రంగు లేదు, వాసన లేదు. గ్యాస్, పెట్రోలు, కట్టెలు, బొగ్గు ఏదైనా సరే, గాలి చాలక సరిగా మండకపోతే పుడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునేదానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, నీరసం, తికమక. అచ్చం ఫ్లూలాగే ఉంటుంది కానీ జ్వరం ఉండదు. బయటికెళ్తే తగ్గి, ఇంటికొస్తే మళ్లీ మొదలైనా, ఇంటిల్లిపాదికీ ఒకేసారి తలనొప్పి వచ్చినా అనుమానపడాలి. నిద్రలో ఉన్నవాళ్లకి ఈ గుర్తులేవీ తెలియవు. అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండా, పొరపాటున సీఓ పీల్చి అమెరికాలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని, లక్ష మందికి పైగా ఎమర్జెన్సీకి వెళ్తున్నారని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్తోంది.

కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ దాదాపు అందరి ఇళ్లలోనూ ఉంది. దీనికి అది పనికిరాదు. మామూలు ఆక్సీమీటర్ సీఓ పట్టిన హిమోగ్లోబిన్‌ని కూడా ఆక్సిజన్ పట్టినదానిలాగే లెక్కేస్తుంది. మనిషి తూలిపోతున్నా 98 చూపించగలదు. "ఆక్సిజన్ బానే ఉందిగా" అని ఇంట్లో కూర్చోవద్దు.

ఇంకో తికమక కూడా ఉంది. ఇండియాలో వంటగదిలో పెట్టే గ్యాస్ లీక్ డిటెక్టర్ వేరు, ఇది వేరు. అది మండని గ్యాస్ కారితే మోగుతుంది, ఇది సరిగా మండని గ్యాస్ వల్ల పుట్టే విషానికి మోగుతుంది. గది గాలి ఎలా ఉందో చూపించే మానిటర్లలో చాలావాటిలో కొలిచేది కార్బన్ డయాక్సైడ్. పేరులో రెండక్షరాలే తేడా, పనిలో మాత్రం అసలు పోలికే లేదు.

మీ ఇంటికి ఎంత అవసరం?

ఇంట్లో తిరిగి ఒక లిస్ట్ రాసుకోండి. గ్యాస్ ఫర్నేస్, గ్యాస్ వాటర్ హీటర్, గ్యాస్ స్టవ్, గ్యాస్ డ్రయర్, ఫైర్‌ప్లేస్, ఇంటికి ఆనుకున్న గరాజ్. వీటిలో ఏ ఒక్కటున్నా డిటెక్టర్ కావాల్సిందే. అన్నీ కరెంటుతో నడిచే అపార్ట్‌మెంట్, కింద పార్కింగ్ కూడా లేదంటే ప్రమాదం చాలా తక్కువ. అయినా న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి చాలా రాష్ట్రాల్లో సీఓ అలారాల మీద చట్టాలున్నాయి. అద్దె ఇల్లయితే ఉన్నది పనిచేస్తోందా లేదా అని ఓనర్‌ని ఈమెయిల్‌లో అడగండి. నోటి మాటగా అడిగితే "చూస్తాం" అంటారు, ఆ చూడటం ఎప్పటికో.

గరాజ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. బటన్ నొక్కితే స్టార్టయ్యే కార్లు వచ్చాక, ఇంజిన్ ఆపడం మర్చిపోయి లోపలికి వచ్చేసేవాళ్లు ఎక్కువయ్యారు. చేతినిండా సరుకుల సంచులు, వెనకసీట్లో ఏడ్చే పిల్ల, తాళం జేబులోనే. ఇంజిన్ చప్పుడు లేనంత మెత్తగా నడుస్తుంటుంది. ఇలా చనిపోయినవాళ్లున్నారు. అలాగే పొద్దున్నే కారు వేడెక్కాలని గరాజ్ తలుపు తెరిచి, లోపలే స్టార్ట్ చేసి వదలడం కూడా వద్దు. తలుపు తెరిచి ఉన్నా పొగ ఇంట్లోకి వస్తుంది. బయటికి తీసి వేడి చేసుకోండి.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి

అమెరికాలో అయితే డబ్బా మీద యూఎల్ 2034 అనే భద్రతా ప్రమాణం ముద్ర ఉండాలి. యూరప్ పద్ధతిలో చేసినదైతే ఈఎన్ 50291. ఈ రెండిట్లో ఏదీ లేకుండా, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే పేరు తెలియని డబ్బాలు కొనకండి. దీంట్లో బేరం చూసుకోవడం తెలివి కాదు.

తర్వాత మీ ఇంట్లో పాత అలారాలు ఎలా ఉన్నాయో చూడండి. ఒకటి కిందికి దించి వెనక్కి తిప్పితే వైర్లు కనిపిస్తే అది హార్డ్‌వైర్డ్, ఇంటి కరెంటుతో నడిచేది. దాని స్థానంలో పెట్టేదానికి కూడా బ్యాటరీ బ్యాకప్ ఉండాలి. బ్రేకర్ ఆపకుండా ఆ వైర్ల జోలికి వెళ్లొద్దు. కంపెనీ కంపెనీకీ ప్లగ్గు ఆకారం మారుతుంది, సరిపోతున్నట్టు కనిపించినా వేరే కంపెనీ ప్లగ్గు గుచ్చొద్దు. వైర్ల పని మీకు అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, అరగంట పని. వైర్లు లేని ఇంట్లో పదేళ్ల సీల్డ్ బ్యాటరీ రకం తేలిక. ఎవరూ బ్యాటరీ పీకి రిమోట్‌లో వేసుకోలేరు.

ఇక "స్మార్ట్" అనే మాట. దానర్థం సాధారణంగా మూడు పనులు: ఫోనుకి కబురు పంపడం, ఏ గదిలోదో చెప్పడం, ఒకటి మోగితే మిగతావి కూడా మోగడం. మూడోది అన్నిటికన్నా విలువైనది. బేస్‌మెంట్‌లో మోగేది రెండో అంతస్తులో తలుపేసుకుని పడుకున్నవాళ్లకి వినపడదు. అయితే ఒకే కంపెనీవి, ఒకదానితో ఒకటి కలిసేవి కొంటేనే ఈ పని జరుగుతుంది. ఒకటి ఇక్కడ ఆఫర్‌లో, ఒకటి అక్కడ ఆఫర్‌లో కొంటే జరగదు.

మా ఇంట్లోవి గూగుల్ నెస్ట్ ప్రొటెక్ట్. వాటి తయారీ ఆపేస్తున్నట్టు 2025 మార్చిలో గూగుల్ ప్రకటించింది. ఇప్పటికే ఉన్నవాటికి గడువు తేదీ దాకా యాప్ పనిచేస్తుందని చెప్పింది కాబట్టి కంగారుగా పీకేయక్కర్లేదు. కొత్తగా కొనేవాళ్లకి ఫస్ట్ అలర్ట్, కిడ్డీ లాంటి పాత కంపెనీల స్మార్ట్ మోడళ్లు ఉన్నాయి. ఈ నెస్ట్‌దే పాత కథ ఒకటుంది. మొదట్లో చెయ్యి ఊపితే అలారం ఆగిపోయే సదుపాయం పెట్టారు. నిజంగా ప్రమాదం వచ్చి జనం అటూ ఇటూ పరిగెత్తుతుంటే దాన్ని కూడా చెయ్యి ఊపడం అనుకుని మోగకుండా ఉండిపోవచ్చని 2014లో వాళ్లకే అనుమానమొచ్చి, అమ్మకాలు ఆపి, దాదాపు 4,40,000 డబ్బాల్లో ఆ సదుపాయాన్ని తీసేశారు. మా అమ్మ టవల్ ఊపడం చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఎక్కడ బిగించాలి

ప్రతి అంతస్తులో ఒకటి, బేస్‌మెంట్‌తో కలిపి. పడకగదుల బయట, నిద్రలో వినపడేంత దగ్గరలో ఒకటి. అమ్మానాన్నలు కింది గదిలో పడుకుంటే ఆ గది బయట కూడా. సీఓ గాలికంటే కొంచెమే తేలిక, గాలిలో బాగా కలిసిపోతుంది. అందుకని సీలింగ్ మీదైనా, గోడకి ఐదడుగుల ఎత్తులోనైనా పెట్టొచ్చు. పొగ కూడా పసిగట్టే కలయిక రకమైతే మాత్రం సీలింగే మేలు, పొగ పైకి పోతుంది కాబట్టి.

ఫర్నేస్ పక్కనే, స్టవ్ పైనే పెట్టకండి. వెలిగించిన మొదటి క్షణాల్లో వచ్చే కొద్దిపాటి సీఓకి అనవసరంగా మోగుతుంది. ఎన్ని అడుగుల దూరమో మోడల్‌ని బట్టి మారుతుంది, చాలావాటికి 15 అడుగులు అని పుస్తకంలో ఉంటుంది. బాత్రూం ఆవిరి, కర్టెన్ వెనక, సోఫా వెనక, గరాజ్ లోపల వద్దు. గరాజ్‌లోంచి ఇంట్లోకి వచ్చే తలుపుకి ఇవతల హాల్లో పెట్టండి. పోపు బాధ ఉన్నవాళ్లకి నా సలహా ఒక్కటే: వంటగదికి దగ్గర్లో పొగ డిటెక్టర్‌ని, సీఓ డిటెక్టర్‌ని విడివిడిగా పెట్టుకోండి. అప్పుడు పొగది విసిగించినా సీఓది మీ కోపానికి బలి కాదు.

యాప్ పని

క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం, పేరు పెట్టడం, వైఫై కలపడం. పది నిమిషాల పని. ఎక్కువ భాగం డబ్బాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి, కలవకపోతే ముందు అది చూడండి. గదుల పేర్లు ఇంట్లో అందరికీ తెలిసిన మాటల్లో పెట్టండి. "లోయర్ లెవెల్ ఈస్ట్" అని పెట్టుకుని ఆ గాభరాలో ఎటు తూర్పో వెతుక్కోవద్దు.

అసలు పని ఇక్కడుంది. మీ ఫోనులో ఈ యాప్‌కి సైలెంట్‌నీ, డు నాట్ డిస్టర్బ్‌నీ దాటి మోగే అనుమతి ఇవ్వండి. ఐఫోనులో దీన్ని క్రిటికల్ అలర్ట్స్ అంటారు, ఆండ్రాయిడ్‌లో యాప్ నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. నేను ఆ ఫిబ్రవరి దాకా ఇవ్వలేదు. మీ ఆయన లేదా మీ ఆవిడ ఫోనులో, అమ్మానాన్నల ఫోనులో, వీలైతే తాళం చెవి ఇచ్చి ఉంచిన పక్కింటి స్నేహితుల ఫోనులో కూడా యాప్ పెట్టించండి.

యాప్ దానంతట అది 911కి, అంటే అమెరికా ఎమర్జెన్సీ నంబరుకి, ఫోన్ చేస్తుందని చాలామంది అనుకుంటారు. విడిగా డబ్బు కట్టి మానిటరింగ్ తీసుకుంటే తప్ప చేయదు. ఇంటర్నెట్ పోతే ఫోనుకి కబురు రాదు, డబ్బా మాత్రం అక్కడే అరుస్తూనే ఉంటుంది. ఏది పోయినా ఆ అరుపు ఉండాలి, మిగతావన్నీ అదనపు సౌకర్యాలు.

ఏ కూతకి ఏ అర్థం

అమెరికాలో ఇది అన్ని కంపెనీలకీ దాదాపు ఒకటే. మూడు కూతలు, విరామం, మళ్లీ మూడు కూతలు అయితే పొగ. నాలుగు గబగబా కూతలు, విరామం, మళ్లీ నాలుగు అయితే సీఓ. అర నిమిషానికో నిమిషానికో ఒకసారి "కిచ్" మంటే బ్యాటరీ అయిపోతోందనో, డబ్బా ఆయుష్షు తీరిందనో అర్థం. ఈ మూడోది ఎందుకో ఎప్పుడూ రాత్రి రెండింటికే మొదలవుతుంది.

కొన్ని మోడళ్లు ఇంగ్లిష్‌లో మాట్లాడతాయి కూడా. పెద్దవాళ్లకి ఆ వాక్యమంతా అర్థం కానక్కర్లేదు, "మోనాక్సైడ్" అనే మాట పట్టుకుంటే చాలు.

డబ్బా వెంటనే ఎందుకు మోగదో కూడా తెలిసి ఉండాలి. యూఎల్ ప్రమాణం ప్రకారం గాలిలో సీఓ 70 పీపీఎం (పది లక్షల పాళ్లలో 70 పాళ్లు) ఉంటే ఒక గంట నుంచి నాలుగు గంటల్లోపు, 150 ఉంటే 10 నుంచి 50 నిమిషాల్లో, 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లో మోగాలి. అంటే ఇది క్షణంలో మోగే యంత్రం కాదు, ఎంత మోతాదు ఎంతసేపు అని లెక్క కట్టే యంత్రం. 30 పీపీఎం దగ్గర రోజుల తరబడి ఊరుకుంటుంది. కాబట్టి అలారం మోగకపోయినా ఇంట్లో అందరికీ తలనొప్పిగా ఉంటే డబ్బాని కాదు, ఒంటిని నమ్మండి. గర్భిణులు, పసిపిల్లలు, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే తక్కువ మోతాదు కూడా అంకెల్లో చూపించే మానిటర్ ఒకటి అదనంగా పెట్టుకోవడం మంచిది. ఇది మామూలు అలారానికి బదులు కాదు, దాంతోపాటు.

అమ్మానాన్నలకి నేర్పడం

ఒక శనివారం పొద్దున కాఫీ అయ్యాక కూర్చోబెట్టండి. టెస్ట్ బటన్ నొక్కి ఆ కూత వినిపించండి. చాలా మోడళ్లు రెండు రకాలూ వరుసగా వినిపిస్తాయి. "నాన్నా, ఇది మూడా నాలుగా?" అని అడగండి. మా నాన్న రెండో సారికే పట్టేశారు, ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. వినికిడి తక్కువగా ఉన్నవాళ్లకి వెలుతురు మెరిసే రకం, మంచాన్ని కదిలించే రకం కూడా దొరుకుతాయి.

తర్వాత ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫ్రిజ్‌కి అంటించండి. మాది ఇది, కావాలంటే ఇలాగే రాసుకోండి:

డబ్బా నాలుగు సార్లు కూసి, ఆగి, మళ్లీ నాలుగు సార్లు కూస్తే అది పోపు కాదు.
నిద్రపోతున్నవాళ్లని లేపి, అందరూ ముందు తలుపులోంచి బయటికి వెళ్లిపోండి. కిటికీలు తీస్తూ ఆగొద్దు.
తలుపు పక్క కొక్కేనికి కోట్లు, కిందే బూట్లు ఉన్నాయి. ఫోను తీసుకోండి. ఇంకేమీ వద్దు.
గరాజ్‌లోకి వెళ్లొద్దు. పక్కింటి తలుపు కొట్టండి.
బయటి నుంచి 911కి చేసి "కార్బన్ మోనాక్సైడ్ అలారం" అనండి. మన అడ్రసు కింద ఉంది, చూసి చదవండి.
ఆ తర్వాత నాకు చేయండి.
ఫైర్ వాళ్లు చెప్పేదాకా మళ్లీ లోపలికి రావొద్దు.

"ముందు 911, తర్వాత నేను" అనేదాన్ని గట్టిగా చెప్పండి. మనవాళ్లకి కొడుక్కి చెప్పకుండా పోలీసులకి ఫోన్ చేయడమంటే భయం, మొహమాటం. "ఊరికే పిలిచామని తిడతారేమోరా" అంది అమ్మ. తిట్టరు, ఆ ఫోన్ చేసినందుకు డబ్బూ అడగరు. భాష రాకపోతే "తెలుగు" అని చెప్పి లైన్ పెట్టేయకుండా ఉండమనండి. చాలాచోట్ల దుబాసీని లైన్‌లోకి కలిపే ఏర్పాటు ఉంటుంది.

చలికాలంలో ఒక్కసారైనా నిజంగా బయటికి నడిపించి చూడండి. మేము చేసినప్పుడు అమ్మ తలుపు దాకా వచ్చి, దేవుడి దగ్గర దీపం ఉందని వెనక్కి తిరిగింది. ఇలాంటివి కాగితం మీద తెలియవు.

నిజంగా మోగినప్పుడు మీరు చేయాల్సింది

ఇంట్లో ఉంటే పై కాగితమే మీకూ. ఆఫీసులో ఉంటే ముందు ఇంటికి ఫోన్ చేసి "బయటికి వెళ్లండి" అనే ఒక్క మాట చెప్పండి, కారణాలు తర్వాత. ఎత్తకపోతే ఇంకో ఐదుసార్లు ప్రయత్నించకుండా 911కి చేయండి. యాప్‌లో నిశ్శబ్దం చేసే బటన్ కనిపిస్తుంది. ఇంట్లో మనిషి ఉండగా దూరం నుంచి దాన్ని నొక్కొద్దు.

తలనొప్పి, వికారం ఉన్నవాళ్లు ఆసుపత్రికి వెళ్లాల్సిందే, బయట గాలికి తేరుకున్నా సరే. మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలోని సీఓ సగానికి తగ్గడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. మాస్క్‌తో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. అక్కడ "సీఓ అలారం మోగింది" అని ముందే చెప్తే రక్తపరీక్ష అడుగుతారు. చెప్పకపోతే ఫ్లూ అనుకునే అవకాశం ఉంది. అనుమానాలకి పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, రోజంతా పనిచేస్తుంది.

ఫైర్ వాళ్లు మీటర్‌తో మూలం పట్టుకుని ఆ పరికరం ఆపేసి వెళ్తారు. దాన్ని లైసెన్స్ ఉన్న టెక్నీషియన్ బాగుచేసేదాకా వెలిగించొద్దు. మా విషయంలో ఆ జాయింట్ నెల క్రితం సర్వీసుకి వచ్చినతను తిరిగి సరిగా బిగించలేదు. అప్పట్నుంచి ఎవరొచ్చి వెళ్లినా నేను కిందికి వెళ్లి ఆ గొట్టం ఓసారి చూసి వస్తాను.

హోమం, సాంబ్రాణి, కుంపటి

గృహప్రవేశం రోజు పంతులు గారు అగ్ని వెలిగించగానే ఇంటాయన కుర్చీ ఎక్కి అలారాలు దించడం నేను కనీసం నాలుగిళ్లలో చూశాను. దించి డ్రాయర్‌లో పెడతారు, సాయంత్రం భోజనాల హడావుడిలో మర్చిపోతారు. కొత్త ఇల్లు, ఇంకా పరీక్షించని ఫర్నేస్, ఇంటినిండా చుట్టాల నిద్ర, అలారం డ్రాయర్‌లో.

పంతులు గారితో ముందే మాట్లాడండి. వీలుంటే పెరట్లో చేసుకోండి. లోపలే చేయాలంటే గుండం చిన్నది పెట్టమనండి, ఎదురెదురు కిటికీలు తెరవండి. పొగ అలారాన్ని కాసేపు ఆపడానికి డబ్బా మీదో యాప్‌లోనో హష్ బటన్ ఉంటుంది. కొన్ని నిమిషాల తర్వాత దానంతట అదే మేలుకుంటుంది, కుర్చీ ఎక్కే పని లేదు. అసలు జాగ్రత్త మంట అయ్యాక. మంట ఆరి నిప్పులు మాత్రమే మిగిలినప్పుడు పొగ కనిపించదు, సీఓ మాత్రం వస్తూనే ఉంటుంది. ఆ నిప్పుల్ని ఇనుప పాత్రలోనే ఉంచి ఇంటి బయట దూరంగా పెట్టండి. వాన పడుతోందని బార్బెక్యూ కుంపటిని గరాజ్‌లోకి లాగడం కూడా ఇదే తప్పు.

కరెంటు పోయినప్పుడు

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫానుకి రోజుల తరబడి కరెంటు పోయింది. చలికి తట్టుకోలేక జనం గరాజ్‌లో కారు స్టార్ట్ చేసి కూర్చున్నారు, లోపల బొగ్గు కాల్చారు, తలుపు దగ్గరే జనరేటర్ పెట్టారు. ఆ వారంలో వెయ్యి మందికి పైగా సీఓ లక్షణాలతో ఆసుపత్రులకి వెళ్లారు, కొందరు చనిపోయారు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. ఆ చలి గుర్తున్నవాళ్లు చాలామందే.

సీఓ ప్రమాదం ఎక్కువయ్యేది సరిగ్గా కరెంటు లేనప్పుడే. రూటర్ కూడా పనిచేయనిది అప్పుడే. కాబట్టి ఆ రోజు స్మార్ట్ అన్నది ఉండదు, డబ్బా, దాని బ్యాటరీ, దాని అరుపు మాత్రమే ఉంటాయి. తుఫాను హెచ్చరిక రాగానే టెస్ట్ బటన్ నొక్కి చూసుకోండి. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టండి. గ్యాస్ అవెన్ తెరిచి చలి కాచుకోవద్దు. మంచు పడ్డాక ఇంటి పక్కగోడ నుంచి బయటికొచ్చే తెల్లటి ప్లాస్టిక్ గొట్టాల చుట్టూ మంచు తవ్వేయండి, ఫర్నేస్ ఊపిరి పీల్చేది, వదిలేది వాటిలోంచే. వాకిట్లో కారు మంచులో కూరుకుపోయి ఉంటే ముందు పొగగొట్టం దగ్గర తవ్వి, ఆ తర్వాతే ఇంజిన్ వేయండి.

నెలనెలా చేయాల్సింది

టెస్ట్ బటన్ నెలకోసారి. దుమ్ము పేరుకుంటే పైపైన వాక్యూమ్. స్ప్రేలు కొట్టి తుడవొద్దు. టెస్ట్ బటన్ నొక్కితే మోగిందంటే కూత, కరెంటు బాగున్నాయని మాత్రమే, లోపలి సెన్సర్ బాగుందని కాదు. సెన్సర్‌కి మోడల్‌ని బట్టి ఐదు నుంచి పదేళ్ల ఆయుష్షు. డబ్బా వెనక తయారీ తేదీయో, మార్చాల్సిన తేదీయో ఉంటుంది. ఇల్లు కొన్నప్పుడు పాత ఓనర్ వదిలిన డబ్బా తెల్లగా కొత్తదానిలా కనిపించినా ఒకసారి తిప్పి చూడండి. ఏడాదికోసారి, చలి మొదలయ్యేలోపు ఫర్నేస్, వాటర్ హీటర్, పొగగొట్టాలు చూపించండి.

ఇండియాకి ఒకటి

ఇండియా ఇళ్లలో ఈ డబ్బా మనకి అలవాటు లేదు, ప్రమాదం మాత్రం ఉంది. ముఖ్యంగా బాత్రూంలో బిగించిన గ్యాస్ గీజర్. చిన్న గది, చలి అని బిగించిన తలుపు, కిటికీ. గీజర్ ఆ గదిలో ఉన్న ఆక్సిజన్‌ని లాగేసుకుంటూ మండుతుంది, గాలి తగ్గేకొద్దీ సీఓ పెరుగుతుంది. స్నానానికి వెళ్లినవాళ్లు తలుపు తీయకపోవడం అనే వార్త చలికాలంలో మనం చదివేదే. డిటెక్టర్ పెట్టడం దానికి మందు కాదు. గీజర్‌ని బాల్కనీలోకో బయటి గోడకో మార్చి, గొట్టంతో వేడినీళ్లు లోపలికి తెచ్చుకోవడమే మందు. మారేదాకా బకెట్ నింపుకుని, గీజర్ ఆపి, తలుపు తెరిచి కాసేపు గాలి ఆడాకే స్నానానికి వెళ్లమనండి.

ఇక్కడి నుంచి పట్టుకెళ్లాలనుకుంటే హార్డ్‌వైర్డ్‌ది వద్దు, అది 120 వోల్టులది. బ్యాటరీతో నడిచే మామూలు రకం, యాప్ లేనిది, హ్యాండ్ లగేజీలో పెట్టుకోండి. బాత్రూం లోపల కాకుండా బయట నడవాలో, పడకగది వైపు పెట్టండి. ఇన్వర్టర్ బ్యాటరీకి దూరంగా ఉంచండి. ఆ బ్యాటరీ ఛార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్‌ని కూడా ఈ సెన్సర్లు సీఓ అనుకోగలవు.

మా అమ్మ విజయవాడ వెళ్లేటప్పుడు ఒకటి పెట్టెలో సర్దుకుంది. ఫ్రిజ్ మీది కాగితం కూడా అడిగి, 911 కొట్టేసి దాని మీద పెన్నుతో ఇండియా ఎమర్జెన్సీ నంబరు 112 అని రాసుకుంది. "అడ్రసు అక్కర్లేదులే, అది నాకు వచ్చు" అంది.